పాత సోఫాలో మంట నిరోధక రసాయనాలు: పాకే పాప ఉన్న ఇంట్లో ఏం చేయాలి?

పాపాయి_అమ్మ
అందరికీ నమస్కారం. మా పాపకు పది నెలలు. ఇప్పుడిప్పుడే పాకుతోంది, చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటోంది. బంధువులు ఇల్లు మారుతూ ఇచ్చిన మూడు సీట్ల సోఫా ఒకటి మా హాల్లో ఉంది. కవరు ఉతుకుదామని జిప్పు తీస్తే లోపల ఫోము మూలలు పొడిపొడిగా రాలుతున్నాయి. కుషను అడుగున ఉన్న తెల్ల లేబులు మీద «కాలిఫోర్నియా టెక్నికల్ బులెటిన్ 117» అని రాసి ఉంది. మంట అంటుకోకుండా కలిపే రసాయనాలకు సంబంధించిన గుర్తు అదేనని ఎక్కడో చదివినప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. మావారేమో «మంట అంటుకోకపోవడం మంచిదే కదా» అంటున్నారు. సోఫా వెంటనే వదిలించుకోవాలా? అప్పటిదాకా పాపను ఎలా కాపాడుకోవాలి?

ప్రయోగశాల_మూర్తి
మీ ప్రశ్నకు సగం జవాబు ఆ లేబులే చెబుతోందండీ. కాలిఫోర్నియా 1975లో తెచ్చిన ప్రమాణం అది. కవరు తీసేసిన ఫోము ముక్కకు చిన్న మంట తగిలిస్తే 12 సెకన్ల పాటు తట్టుకోవాలి అన్నది నియమం. ఏ రసాయనం కలపాలో అందులో రాయలేదు. కానీ సోఫాల్లో వాడే పాలియురెథేన్ ఫోము తనంతట తాను అంత సేపు తట్టుకోదు కాబట్టి తయారీదారులు తేలికైన దారి పట్టారు, రసాయనం కలిపారు. కాలిఫోర్నియా చాలా పెద్ద మార్కెట్టు. ఒక రాష్ట్రానికి ఒక రకం, మిగతా చోట్లకు ఇంకో రకం తయారు చేయడం ఎందుకని చాలామంది అన్ని సోఫాలనూ అదే పద్ధతిలో చేశారు.

కలిపారు అంటే ఫోముతో రసాయనికంగా బంధించారు అని కాదు. ఎక్కువ రకాలు ఫోము మధ్య ఊరికే ఇరుక్కుని ఉంటాయి. ఫోము బరువులో కొన్ని శాతం దాకా ఉండవచ్చు. మనం కూర్చుని లేచిన ప్రతిసారీ, ఎండ తగిలినప్పుడల్లా, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వచ్చి గాలిలోకి చేరి, చివరికి ఇంటి దుమ్ములో స్థిరపడతాయి. పెద్దవాళ్లకు అది చేతుల ద్వారా తిండిలోకి చేరుతుంది. పాకే పిల్లలకు ఇంకా దగ్గరి దారి: నేల, చేయి, నోరు. తల్లుల కంటే పసిపిల్లల రక్తంలో వీటి మోతాదు ఎక్కువగా ఉన్నట్టు పలు పరిశీలనల్లో తేలడానికి ఇదే కారణం.

ఏ రసాయనం అన్నది సోఫా వయసును బట్టి ఉంటుంది. 2004 చివరి వరకు అమెరికాలో ఎక్కువగా వాడినది పెంటాబీడీఈ అనే బ్రోమిన్ మిశ్రమం. దాన్ని ఆపేశాక క్లోరిన్ ట్రిస్, ఫైర్‌మాస్టర్ 550 లాంటి వేరే మంట నిరోధకాలు వచ్చాయి. ఇందులో ఒక విచిత్రం ఉంది. పిల్లల రాత్రి దుస్తుల్లో వాడే బ్రోమిన్ ట్రిస్‌ను 1977లో అమెరికాలో నిషేధించారు. ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అది జన్యువులను దెబ్బతీసే రసాయనమని చూపించారు. దాని స్థానంలోకి వచ్చిన క్లోరిన్ ట్రిస్‌నూ త్వరలోనే ఆ దుస్తుల నుంచి తీసేశారు. కొన్ని దశాబ్దాల తర్వాత అదే క్లోరిన్ ట్రిస్ సోఫా ఫోములో ముఖ్యమైన రసాయనంగా తేలింది. 2012లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హెదర్ స్టేపుల్‌టన్ బృందం 102 సోఫాల ఫోము పరీక్షిస్తే 85 శాతం నమూనాల్లో ఏదో ఒక మంట నిరోధకం దొరికింది.

కాబట్టి మీ సోఫాలో ఉన్నట్టే అనుకుని ముందుకు వెళ్లండి. ఏం చేయాలో కింద విడిగా రాస్తాను.

సందేహాల_రావు
మూర్తిగారూ, ఉంది అనడానికీ, హాని చేస్తుంది అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. 2024లో నల్ల ప్లాస్టిక్ గరిటెల మీద జరిగిన గోల గుర్తుందా? వాటిలో మంట నిరోధకాలు ఉన్నాయని ఒక అధ్యయనం చెప్పగానే ఇళ్లలో జనం గరిటెలన్నీ పారేశారు. తీరా చూస్తే పరిశోధకులు సురక్షిత మోతాదును లెక్కకట్టేటప్పుడు 60ని 7,000తో గుణించి 4,20,000 రావాల్సిన చోట 42,000 అని రాశారు. ఒక సున్నా ఎగిరిపోయింది! సోఫా విషయంలోనూ ఇలాంటి భయమే కాదని ఏమిటి నమ్మకం?

ప్రయోగశాల_మూర్తి
> ఒక సున్నా ఎగిరిపోయింది!

నిజమే, ఆ తప్పును వాళ్లు ఒప్పుకుని సవరించారు కూడా. ప్రశ్న న్యాయమైనదే. అయితే గరిటె నుంచి వంటలోకి ఎంత దిగుతుందో అంచనా కట్టడం వేరు, మనుషుల శరీరంలో కొలవడం వేరు. సోఫా రసాయనాలను దుమ్ములోనూ, అరచేతులు తుడిచిన గుడ్డల్లోనూ, రక్తంలోనూ, మూత్రంలోనూ నేరుగా కొలిచారు. చేతుల మీద ఎక్కువ ఉన్నవారి శరీరంలోనూ ఎక్కువ ఉంది. గర్భంలో ఉన్నప్పుడు పీబీడీఈలు (పెంటాబీడీఈ, డెకాబీడీఈ లాంటి బ్రోమిన్ నిరోధకాల జాతి) ఎక్కువగా సోకిన పిల్లల్లో ఏకాగ్రత, తెలివితేటల పరీక్షల ఫలితాలు కొంత తక్కువగా ఉన్నట్టు బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి అనుసరించిన తల్లీబిడ్డల అధ్యయనంలో కనిపించింది. అది సంబంధమే, ఒక్కో పిల్లవాడి జాతకం కాదు. పాప ఈ సోఫా పక్కన పాకినంత మాత్రాన ఏదో అయిపోతుందని నేను అనను. తేలికగా తగ్గించుకోగలిగినదాన్ని ఎందుకు తగ్గించుకోకూడదు అన్నదే నా మాట. త్వరగా నశించని విష రసాయనాలను ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందంలో 2009లో పెంటాబీడీఈని, 2017లో డెకాబీడీఈని చేర్చారంటే దేశాలన్నీ ఉత్తుత్తి భయానికి లొంగలేదు కదా.

మాజీ_అగ్నిమాపకుడు
పాపాయి అమ్మగారి భర్త అడిగిన మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా మంటల మధ్య పనిచేసిన మనిషిని.

«మంట నిరోధకం» అన్న పేరు విని జనం సోఫా కాలదు అనుకుంటారు. కాలుతుంది. ఆ పాత పరీక్షలోనే లోపం ఉంది. అసలు ఇంట్లో ముందు అంటుకునేది ఫోము కాదు, పైన ఉన్న బట్ట. బట్ట అంటుకుని మంట ఫోము దాకా వచ్చేసరికి అది కొవ్వొత్తి మంటంత చిన్నది కాదు. అప్పుడు ఫోములోని ఆ కొద్దిశాతం రసాయనం నిలబడదు. అంతేకాదు, సోఫా మంటలు ఎక్కువగా మొదలయ్యేది ఎర్రగా రాజుకునే సిగరెట్టుతో. దానికీ కొవ్వొత్తి పరీక్షకూ సంబంధమే లేదు. అందుకే కాలిఫోర్నియా 2013లో ప్రమాణం మార్చింది. ఇప్పుడు బట్టకే రాజుకునే పరీక్ష పెడతారు. దగ్గరగా నేసిన బట్టతోనో, మధ్యలో ఒక అడ్డుపొరతోనో రసాయనం లేకుండానే ఆ పరీక్ష గట్టెక్కవచ్చు. 2021లో అమెరికా అంతటికీ అదే ప్రమాణం అయింది.

ఇంకొక సంగతి మా వృత్తివాళ్లకు బాగా తెలిసినది. బ్రోమిన్, క్లోరిన్ ఉన్న నిరోధకాలు మంటలోని రసాయన చర్యను మధ్యలో తుంచేస్తాయి. పూర్తిగా కాలనిది ఏమవుతుంది? మసి, కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఇళ్లలో అగ్ని ప్రమాదాల్లో మనుషులను చంపేది చాలాసార్లు మంట కాదు, పొగ. అందుకే ఈ రసాయనాలు వద్దని గట్టిగా అడిగినవాళ్లలో అగ్నిమాపక సంఘాలూ ఉన్నాయి.

ఈ రసాయనాలను సమర్థించేవాళ్లు చాలా కాలం చూపించిన ఒక పరీక్ష ఉంది: మంట నిరోధకం ఉన్న గదిలో తప్పించుకోవడానికి పదిహేను రెట్లు సమయం దొరుకుతుందని. ఆ పరీక్ష చేసిన విటెనిస్ బాబ్రాస్కాసే తర్వాత బయటికి వచ్చి, తాను వాడిన మోతాదు ఇంటి సోఫాల్లో ఉండేదానికంటే ఎంతో ఎక్కువనీ, తన ఫలితాలను వక్రీకరించారనీ చెప్పారు.

అమ్మగారూ, ఇంట్లో పనిచేసే పొగ అలారం ఉందా? లేకపోతే సోఫా సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే సోఫా మీద మాత్రం వద్దు.

పాపాయి_అమ్మ
అలారం ఉంది, బ్యాటరీ కూడా ఈ మధ్యనే మార్చాం. మీ పోస్టు మావారికి చదివి వినిపించాను, ఇక మాట్లాడలేదు 🙂

చిట్కాల_చిట్టి
ఫోములో రసాయనం ఉందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. చిన్న ముక్క కోసి లైటరుతో అంటించి చూడండి. త్వరగా ఆరిపోతే ఉన్నట్టు. రాగి తీగ కాల్చి ముట్టిస్తే ఆకుపచ్చ మంట కూడా వస్తుందట.

ప్రయోగశాల_మూర్తి
దయచేసి ఎవరూ చేయకండి. పాలియురెథేన్ కాలితే హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వస్తుంది. బ్రోమిన్ ఉన్న ఫోము కాలితే డయాక్సిన్ జాతి విష పదార్థాలు కూడా రావచ్చు. తప్పించుకోవాలనుకున్న దానికంటే చెడ్డదాన్ని వంటగదిలో తయారు చేసుకున్నట్టు అవుతుంది. పైగా ఫలితం నమ్మదగినది కాదు. ఆకుపచ్చ మంట క్లోరిన్, బ్రోమిన్ ఉంటేనే వస్తుంది, ఫాస్ఫరస్ మాత్రమే ఉన్న నిరోధకాలకు రాదు. సరైన మార్గం ప్రయోగశాల పరీక్షే. డ్యూక్ విశ్వవిద్యాలయం గోటంత ఫోము ముక్కను పంపితే పరీక్షించి చెప్పే పథకం నడిపింది. కానీ పాత 117 లేబులు, రాలుతున్న ఫోము ఉన్న సోఫాకు ఆ పరీక్ష ఫలితం కోసం ఆగడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.

నిర్వాహకులు
పై లైటరు సలహాను ఎవరూ పాటించవద్దు. తీసేస్తే ఇదే సలహా మళ్లీ వస్తుందని, మూర్తిగారి జవాబుతో సహా ఉంచుతున్నాం.

సోఫా_మేస్త్రి
అమ్మా, సోఫా మొత్తం పారేయక్కర్లేదు. కట్టె చట్రం గట్టిగా ఉంటే ఫోము ఒక్కటే మార్చుకోండి. నేను చేసే పనే ఇది. అమెరికాలో యూసీ డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరి ఇళ్లలో సోఫాలు, కొందరి ఇళ్లలో ఫోము మాత్రమే మార్చి దుమ్ము పరీక్షిస్తే రెండు చోట్లా రసాయనాలు తగ్గాయని మా అబ్బాయి చదివి చెప్పాడు.

అయితే జనం చేసే పొరపాటు ఒకటి ఉంది. సీటు కుషన్లు మార్చి పని అయిపోయింది అనుకుంటారు. వీపు వైపు, చేతులు ఆనించే చోట కట్టెకు అతికించి, పిన్నులు కొట్టిన ఫోము అలాగే ఉండిపోతుంది. పాప నిలబడటం నేర్చుకునేటప్పుడు పట్టుకునేది ఆ చేతులనే. విప్పించేటప్పుడు అన్నీ విప్పించండి.

పని ఇంట్లో చేయనివ్వకండి. పాత ఫోము లాగితే పసుపు పొడి గది అంతా పరుచుకుంటుంది. బయట వరండాలోనో, మేస్త్రి దుకాణంలోనో చేయించాలి. ముక్కుకు మామూలు గుడ్డ కాదు, ఎన్95 రకం మాస్కు ఉండాలి. తీసిన ఫోమును వెంటనే సంచిలో పెట్టి మూతి కట్టేయాలి. చట్రం మూలలు, స్ప్రింగుల సందులు శుభ్రం చేశాకే కొత్తది వేయాలి. పాత బట్ట మళ్లీ వాడదలిస్తే విడిగా ఉతకండి, పాప బట్టలతో కలపకండి.

కొత్త ఫోము కొనేటప్పుడు «మంట నిరోధకం కలపలేదు» అని కాగితం మీద రాసివ్వమనండి. నోటిమాటగా అందరూ లేదనే చెబుతారు.

ఇంటిపని_ఇందిర
మేస్త్రిగారు చెప్పింది బాగుంది, కానీ అప్పటిదాకా? ఫోము ఎప్పుడు మారుతుందో ఏమో, పాప మాత్రం రోజూ పాకుతుంది.

ప్రయోగశాల_మూర్తి
అదే రాస్తానన్నాను, ఇదిగో.

ముందు ఫోము బయటికి రాలకుండా చూడండి. చిరిగిన చోట కుట్టించండి, కుషను మీద దగ్గరగా నేసిన ఇంకో కవరు వేసి జిప్పు మూసేయండి. కవరు పొడిని ఆపుతుంది, ఆవిరిగా వచ్చేదాన్ని ఆపదు. అయినా రాలే ఫోము విషయంలో అసలు తగ్గుదల అక్కడే ఉంటుంది. సోఫాను కిటికీ ఎండ నుంచి జరపండి. పాప కింద కూర్చుని ఆడుకునే చోటు సోఫాకు దూరంగా పెట్టండి. పాపను ఆ సోఫా మీద నిద్రపుచ్చకండి. ఊపిరి ఆడక జరిగే ప్రమాదాల వల్ల అది ఎలాగూ కూడదు.

తర్వాత దుమ్ము. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ అక్కడే దిగుతుంది. తడి గుడ్డతో తుడవడమే మేలు. వాక్యూమ్ వాడితే హెపా ఫిల్టర్ ఉన్నది వాడాలి. లేనిది సన్నని దుమ్మును వెనక నుంచి గదిలోకే వదులుతుంది. సోఫా కింద, వెనక, కుషన్ల మధ్య సందు మరిచిపోవద్దు.

అన్నిటికంటే చవకైనది చేతులు కడుక్కోవడం. సబ్బుతో, ముఖ్యంగా తినే ముందు. పాపవీ, మీవీ. శానిటైజర్ కాదు, అది దుమ్మును చేతి మీద అటూ ఇటూ పూస్తుంది, తీసేయదు. కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు కొందరు మహిళల చేత చేతులు ఎక్కువసార్లు కడిగించి, ఇల్లు శుభ్రం చేయించి చూశారు. వారం రోజుల్లోనే వాళ్ల చేతుల మీద కొన్ని నిరోధకాల మోతాదు తగ్గింది.

ఇక్కడ రసాయనాల మధ్య తేడా తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. ఫాస్ఫేట్ రకాలు, అంటే 2005 తర్వాతి సోఫాల్లో ఎక్కువగా ఉన్నవి, శరీరంలో గంటల్లో, రోజుల్లో విరిగి మూత్రంలో బయటికి పోతాయి. సోకడం తగ్గిస్తే శరీరంలోనూ వెంటనే తగ్గుతుంది. పాత పీబీడీఈలు అలా కాదు. కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఉంటాయి. అందుకే సోఫా ఎప్పటిదో కనుక్కోండి.

పాపాయి_అమ్మ
బంధువులకు ఫోన్ చేశాను. 2002లో కొన్నారట.

ప్రయోగశాల_మూర్తి
అయితే పెంటాబీడీఈ ఉండే అవకాశమే ఎక్కువ. ఫోము మార్పించడం త్వరగా పెట్టుకోండి. దుమ్ములో ఉన్నది మాత్రం ఒక్క రోజులో పోదు. ఫోము మారాక కూడా కొన్ని నెలలు తడి తుడుపు మానకండి.

పిల్లుల_పద్మ
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా పిల్లికి థైరాయిడ్ ఎక్కువైంది. పశువైద్యులు మాటల్లో దుమ్ము, సోఫాల ప్రస్తావన తెచ్చారు. నిజమేనా?

ప్రయోగశాల_మూర్తి
అనుమానానికి ఆధారం ఉంది, రుజువు ఇంకా లేదు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కాబట్టి ఇంటి దుమ్ము దాని నోట్లోకి పసిపిల్లల కంటే ఎక్కువ వెళుతుంది. థైరాయిడ్ జబ్బున్న పిల్లుల్లో పీబీడీఈల మీద అమెరికా పర్యావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2007లోనే రాశారు. వయసు, తిండి లాంటి ఇతర కారణాలూ ఉన్నాయి. పిల్లికి ఇష్టమైన కుషనులో ఫోము బదులు దూది పెట్టండి, దానికీ సుఖమే.

కొత్తపరుపు_కిరణ్
సోఫా సరే, పరుపుల సంగతి? మెమొరీ ఫోము పరుపు కొన్నాం, పెట్టె విప్పగానే ఘాటు వాసన. రసాయనం అదేనా? కవరుకు జిప్పు ఉంది, తీసి ఉతికేద్దామా?

సోఫా_మేస్త్రి
ఆగండి బాబూ, జిప్పు తీయకండి! ముందు లేబులు చదవండి. «గ్లాస్ ఫైబర్» అని గానీ, «కవరు తీయవద్దు» అని గానీ ఉంటే దాని జోలికే వెళ్లకండి.

ప్రయోగశాల_మూర్తి
మేస్త్రిగారిది సరైన హెచ్చరిక. అమెరికాలో 2007 నుంచి పరుపులకు పెద్ద మంట పరీక్ష ఉంది. దాన్ని గట్టెక్కడానికి చాలా చవక పరుపుల్లో ఫోముకు రసాయనం కలపకుండా, గాజు పోగులతో అల్లిన తొడుగు వేస్తారు. తొడుగు మూసి ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. కవరు తీసి ఉతికారా, ఆ పోగులు ఇల్లంతా, బట్టల్లో, ఏసీలో చేరి ఒళ్లు దురదలు పెడతాయి. పూర్తిగా శుభ్రం చేయడం నరకం. కాలిఫోర్నియా 2027 నుంచి పరుపుల్లో గాజు పోగులను నిషేధిస్తోంది.

మీకు వచ్చిన వాసన వేరే సంగతి. అది ఫోము తయారీలో మిగిలిన తేలికపాటి ఆవిరులు, కిటికీలు తెరిస్తే కొన్ని రోజుల్లో పోతుంది. మంట నిరోధకాలకు చాలావరకు వాసనే ఉండదు. వాసన రాలేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు, వచ్చిందని బెదిరిపోనక్కర్లేదు.

ఇంటిపని_ఇందిర
కొత్తది కొనేవాళ్లు ఏ ముద్ర చూడాలి? దుకాణంలో పది రకాల ఆకుపచ్చ ఆకుల గుర్తులు చూపిస్తారు, ఏది దేనికో వాళ్లకే తెలియదు.

సందేహాల_రావు
దీనికి నేను జవాబు చెబుతాను, మా అమ్మాయి కాపురానికి సామాను కొనేటప్పుడు ఈ చిట్టడవిలో తిరిగినవాణ్ణి. గ్రీన్‌గార్డ్ ముద్ర ఆవిర్ల కొలతకు సంబంధించినది, మంట నిరోధకం లేదనడానికి హామీ కాదు. సర్టిపూర్ ముద్ర పీబీడీఈలను, క్లోరిన్ ట్రిస్‌ను కాదంటుంది, అన్నిటినీ కలిపి కాదు. సేంద్రియ దూది, లేటెక్స్‌కు ఇచ్చే గాట్స్, గోల్స్ ముద్రలు ఇంకా గట్టివి. అమెరికా సరుకైతే అన్నిటికంటే సూటిగా ఉండేది 117-2013, అంటే 2013లో మారిన ప్రమాణం లేబులు. 2015 నుంచి కాలిఫోర్నియాలో అమ్మే సోఫాల మీద నిరోధకం కలిపారా లేదా అని రాసి తీరాలి. 2020 నుంచి అక్కడ మిలియనుకు వెయ్యి వంతులు మించి ఉంటే అమ్మడానికే లేదు. బ్రిటన్ సరుకు విషయంలో జాగ్రత్త. అక్కడ 1988 నియమాల్లో అగ్గిపుల్ల మంట పరీక్ష ఉంది, రసాయనం ఉండే అవకాశం ఎక్కువ.

భయం అక్కర్లేదన్నాను గానీ, కొనేటప్పుడు లేనిదే కొనండి. ఉన్నదానివల్ల ఒరిగేది ఏమీ లేదని అగ్నిమాపకం వారే చెప్పాక ఇంక వాదన ఏముంది?

మాజీ_అగ్నిమాపకుడు
రావుగారి నోట ఈ మాట వింటాననుకోలేదు!

ప్రయాణాల_ప్రసాద్
కారు సీట్లలో కూడా ఉంటాయా?

ప్రయోగశాల_మూర్తి
ఉంటాయి. 2024లో వచ్చిన ఒక పరిశీలనలో 101 కార్లు చూస్తే 99 శాతం కార్లలో టీసీఐపీపీ అనే ఫాస్ఫేట్ నిరోధకం దొరికింది. వేడికి ఎక్కువ వస్తుంది. నీడలో నిలపండి, ఎక్కగానే అద్దాలు కాసేపు దించండి. మిగతాది ఇంకో చర్చలో మాట్లాడుకుందాం.

పాపాయి_అమ్మ
మేస్త్రిని మాట్లాడుకున్నాం, ఆయన దుకాణానికి తీసుకెళ్లి విప్పుతానన్నారు. ఇంక రెండు సందేహాలు. తీసిన పాత ఫోమును ఏం చేయాలి? పక్కింటివాళ్లు కుక్కకు పడక చేసుకుంటాం, ఇవ్వమంటున్నారు. రెండోది, హాల్లో కార్పెట్ కింద రంగురంగుల ముక్కలు అతికించినట్టున్న ఫోము పొర ఉంది. అది కూడానా?

సోఫా_మేస్త్రి
కుక్కకు ఇవ్వకండి అమ్మా. కార్పెట్ కింద పొర కూడా అదే బాపతు. పాత ఫోము ముక్కలు పొడి చేసి అతికించి చేస్తారు కాబట్టి అందులో ఏముందో చేసినవాడికీ తెలియదు. కార్పెట్ బాగుంటే కదిలించకండి. తీయాలనుకుంటే పాప ఊళ్లో లేని రోజు చూసుకోండి. చుట్టలా మెల్లగా చుట్టి సంచిలో కట్టి, నేల తడిపి తుడవండి.

ప్రయోగశాల_మూర్తి
పారేయడం గురించి: పెరట్లో కాల్చవద్దు, ఎవరికీ దానం ఇవ్వవద్దు. బ్రిటన్‌లో 2023 నుంచి ఇలాంటి రసాయనాలున్న సోఫాలను చెత్తకుప్పలో పూడ్చనివ్వడం లేదు, అధిక ఉష్ణోగ్రత కొలిమికే పంపాలి. మీ దగ్గర చెత్త సేకరణ చూసే కార్యాలయానికి ఫోన్ చేసి, మంట నిరోధకం ఉన్న ఫోము అని చెప్పి ఎక్కడ ఇవ్వాలో అడగండి. అప్పటిదాకా సంచి మూతి టేపుతో మూసి, పాపకు, కుక్కకు అందని చోట ఉంచండి.